కంచరపాలెం చూసిన రాత్రి

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: నేను తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. పెళ్లయిన నాటి నుంచీ మా వారికీ నాకూ వారానికొక సినిమా చూడడం అలవాటు. కొన్నేళ్లుగా హాల్లోంచి బయటికి వచ్చేసరికి తలనొప్పి తప్ప ఏమీ మిగలడం లేదు. తుపాకులు, చెవులు పగిలే వాయిద్యాలు, హీరో నడిచి వస్తుంటే అయిదు నిమిషాల పొగ. మూడు గంటలు కూర్చున్నాక, మిగిలిన కథ రెండో భాగంలో చూడమంటున్నారు. పోయిన నెల మా అమ్మాయి బలవంతం మీద ఇంట్లో టీవీలో ‘కేరాఫ్ కంచరపాలెం’ చూశాం. తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. అయినా మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. మా అమ్మ మాట్లాడిన మాట ఆ తెర మీద విన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొత్త సినిమాలు నచ్చకపోవడానికి వయసే కారణమని మా వారు అంటారు. నిజమేనా? పైగా కంచరపాలెం మా ఊరికి రైల్లో గంటో గంటన్నరో ప్రయాణం. అలాంటి సినిమా సంగతి ఇన్నేళ్లూ మా దాకా ఎందుకు రాలేదు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: వయసు కాదమ్మా. మీ ఉత్తరమే అందుకు సాక్ష్యం. వయసు మీద పడి ఓపిక తగ్గిన మనిషి రెండున్నర గంటల సినిమాను, అందులోనూ పరిచయం లేని ముఖాలతో నడిచే సినిమాను, లేవకుండా చూడలేరు. మీ ఓపిక ఎక్కడికీ పోలేదు. దానికి తగిన ప్రతిఫలం ఇచ్చే సినిమా మీకు చాలాకాలంగా దొరకలేదు, అంతే.

చూడని పాఠకుల కోసం ముందుగా నాలుగు మాటలు. ‘కేరాఫ్ కంచరపాలెం’ 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. దర్శకుడు వెంకటేశ్ మహాకు అది మొదటి సినిమా. విశాఖపట్నంలోని కంచరపాలెంలోనే, ఎక్కువగా ఆ పేట మనుషులతోనే, తీశారు. వారిలో చాలామంది అంతకుముందు కెమెరా ముందు నిలబడినవారు కారు. నలభై తొమ్మిదేళ్లు వచ్చినా పెళ్లికాని అటెండరు రాజు, అదే కార్యాలయానికి అధికారిగా వచ్చిన ఒడిశా వితంతువు రాధ, ఎదిగిన ఆమె కూతురు, బడి పిల్లలు సుందరం, సునీత; వయసులో ఉన్న జంట జోసెఫ్, భార్గవి; మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, అక్కడికి ముఖం కప్పుకొని వచ్చే సలీమా. ఇలా నాలుగు ప్రేమకథలు పక్కపక్కన నడుస్తాయి. అవి చివర ఎక్కడ కలుస్తాయో ఇక్కడ రాయను. మీకు నిద్ర పట్టకపోవడానికి ఆ ముగింపు కూడా ఒక కారణమై ఉంటుంది. చూడబోయేవారికి ఆ నిద్రలేని రాత్రిని దూరం చేసే హక్కు నాకు లేదు.

మీరు రాసిన వాక్యాల్లో నన్ను ఎక్కువసేపు ఆపింది మీ అమ్మగారి మాట గురించిన వాక్యం. ఉత్తరాంధ్రవారికి ఆ సినిమా ఇచ్చిన దానిలో అదే పెద్దదని నా నమ్మకం. “ఏటి” అనో “ఎల్లిపోనాడు” అనో ఎవరైనా తెర మీద అంటే అది నవ్వించడానికేనని మనకు దశాబ్దాలుగా అలవాటు చేశారు. శ్రీకాకుళం యాసను పనివాడి పాత్రకో, పక్కనుండి కితకితలు పెట్టే స్నేహితుడికో ఇచ్చారు. ప్రేమించేవాడు, ఏడ్చేవాడు, నిర్ణయం తీసుకునేవాడు మాత్రం ఏ ఊరిదీ కాని ఒక పుస్తకపు భాష మాట్లాడాడు. కంచరపాలెంలో ఆ యాసలోనే ఒక నడివయసు మనిషి తన ఒంటరితనాన్ని చెప్పుకుంటాడు, వీధివాళ్లు ఆ యాసలోనే అతని పెళ్లి గురించి ఆరా తీస్తారు, ఎవరూ నవ్వించడానికి దానిని సాగదీసి పలకరు. మీ అమ్మగారు దుఃఖంలో ఎలా మాట్లాడేవారో తెర మీద మొదటిసారి విన్నప్పుడు మీకు కలిగినదాన్ని సినిమా నచ్చడం అంటే సరిపోదు.

ఇందులో చేతిపని కూడా ఉంది. మన సినిమాల్లో చాలావాటికి నటులు చిత్రీకరణ సమయంలో ఒకసారి మాటలు చెబుతారు, నెలలు గడిచాక డబ్బింగ్ గదిలో తమ పెదవుల కదలికను చూసుకుంటూ అవే మాటలను మళ్లీ చెబుతారు. కథానాయికకు తెలుగు రాకపోతే గొంతు ఇంకొకరిది. వీధి చప్పుడును మొత్తం తీసేసి, తరువాత కొలిచి కలుపుతారు. కంచరపాలెంలో మాటలను చిత్రీకరించిన చోటే రికార్డు చేశారు. అందువల్ల మాటకు ముందు వచ్చే ఊపిరి, మధ్యలో తడబాటు, పక్క ఇంటి గొడవ, అన్నీ మాటతోపాటే మన చెవిన పడతాయి. రాజుగా నటించిన సుబ్బారావు గారు వాక్యం పూర్తి చేయకుండా ఆగిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. డబ్బింగ్ గదిలో ఆ ఆగడాన్ని తిరిగి పుట్టించడం చాలా కష్టం. నటనలో తలపండినవారికే కష్టమైనది ఆ పేటలో మొదటిసారి నటించిన మనిషికి దక్కిందంటే, మాటను పుట్టిన చోటే పట్టుకోవడం వల్లనే.

మద్యం దుకాణం సన్నివేశాలు గుర్తు చేసుకోండి. గడ్డానికి కనిపించేవి రెండు కళ్లు మాత్రమే. ఆమె వస్తుంది, సీసా తీసుకుంటుంది, డబ్బు ఇస్తుంది, వెళ్లిపోతుంది. కొన్నాళ్లకు ఆమె వచ్చే వేళకు అతని ఎదురుచూపు మొదలవుతుంది. గల్లాకు అటు ఒకరు, ఇటు ఒకరు. విదేశంలో పాట లేదు, వాన లేదు. వ్యాపారంలో రోజూ జరిగే ఒక చిన్న ఇచ్చిపుచ్చుకోవడమే కొంచెం కొంచెంగా ప్రేమ అవుతుంటే మనం పక్కన నిలబడి చూస్తాం. ఆమె ఎవరో, ఏ వృత్తిలో ఉందో తెలిశాక కూడా అతని చూపు మారదు. దర్శకుడు దానిని గొప్ప త్యాగంగా చూపించి మన చేత చప్పట్లు కొట్టించుకోలేదు. గడ్డం అలాంటి మనిషి అని ఊరికే చెప్పాడు. చూసేవారిని నమ్మిన దర్శకుడే అంత తక్కువగా చెప్పగలడు.

ఇక పెద్ద సినిమాల సంగతి. అవన్నీ చెడ్డవని నేను అనను. మీరూ అనరు, ఎందుకంటే అవి చూస్తూనే మీరు దాంపత్యం గడిపారు. కానీ ఒక మార్పు జరిగింది. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు ఎంత ముఖ్యుడో, లంబు జంబులకూ, చిన్నమయకూ, శర్మ శాస్త్రులకూ తమ తమ స్థాయిలో అంత బతుకు ఉంది. సూర్యకాంతం, రమణారెడ్డి, గుమ్మడి తెర మీద ఉన్నప్పుడు కథానాయకుడు ఎప్పుడొస్తాడా అని ఎవరూ ఎదురుచూడలేదు. ఇవాళ పెద్ద సినిమాలో తల్లి ఉంటుంది, ఆమె ఏడుపు కొడుకు ఆవేశానికి పనికిరావాలి. ఊరు ఉంటుంది, హీరో వచ్చి కాపాడడానికి. ప్రతినాయకుడి బలం కూడా హీరో బలాన్ని కొలిచే తూనికరాయి. ఒక మనిషి ప్రవేశం కోసం తక్కిన అందరూ పక్కకు తప్పుకొని నిలబడిన ప్రపంచంలో మూడు గంటలు ఉండి వస్తే, శబ్దం ఎంత ఉన్నా లోపల వెలితిగానే ఉంటుంది. మీ తలనొప్పిలో సగం ఆ వెలితిదేనని నా అనుమానం.

దీనికి తోడు ఇప్పుడు పెద్ద సినిమాను ఒకేసారి నాలుగైదు భాషల్లో అమ్ముతున్నారు. అయిదు భాషల్లోకి వెళ్లినా చెక్కుచెదరనివి పోరాటం, వేగం, నేపథ్య సంగీతం. విశాఖ వీధిలో ఒకడు ఇంకొకడిని పలకరించే తీరు హిందీలోకి వెళితే ఆవిరైపోతుంది కాబట్టి, రాసేటప్పుడే దానిని పక్కన పెట్టేస్తారు. ‘పుష్ప’లో చిత్తూరు యాస లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది, నటుడు దాని మీద ఎంతో శ్రమ కూడా పెట్టాడు. అయితే అక్కడ యాస కథానాయకుడి ప్రత్యేకతను పెంచే అలంకారం. కంచరపాలెంలో అది అందరిదీ, ఎవరికీ ప్రత్యేకం కాదు. నేను చూసే తేడా అది.

మీ దాకా ఎందుకు రాలేదన్న ప్రశ్నకు సమాధానం సినిమాలో లేదు, హాళ్ల లెక్కల్లో ఉంది. పేరున్న నటుడి సినిమా వస్తుందంటే పంపిణీదారులు, హాళ్ల యజమానులు ముందే ఒప్పందం చేసుకొని తేదీలు ఖాయం చేసుకుంటారు. పేరులేని సినిమాకు సాధారణంగా అద్దె కట్టి ఆట తెచ్చుకోవలసిన పరిస్థితి, దానికి తోడు డిజిటల్ ప్రదర్శన రుసుము, పోస్టర్ల ఖర్చు. సంక్రాంతి, దసరా వారాలు వారికి అందవు. మధ్యలో ఖాళీగా మిగిలిన శుక్రవారం ఒకటి దొరికితే, శని ఆదివారాల్లో హాలు నిండకపోతే, సోమవారానికి ఆటలు సగానికి పడిపోతాయి. నోటి మాట ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికి చేరడానికి కనీసం పది రోజులు పడుతుంది. అది చేరేసరికి సినిమా ఉండదు. కంచరపాలెం అదృష్టం బాగుండి, విడుదల సమయానికి రానా దగ్గుబాటి, సురేశ్ ప్రొడక్షన్స్ వెనుక నిలబడ్డారు. వారు లేకపోతే నగరాల్లో కూడా ఎంతమంది చూసేవారో.

నాలుగేళ్ల కిందట నాకు ఎదురైన ఒక సంగతి చెబుతాను. హైదరాబాదులో ఒక హాలు, చిన్న సినిమా, విడుదలైన రోజు మ్యాట్నీ. కౌంటరు దగ్గర మేము ఆరుగురం తేలాం, ఒకరికొకరం తెలియని వాళ్లం. పది టికెట్లు తెగకపోతే ఆట వేయమని లోపలి నుంచి చెప్పారు. మా ఆరుగురిలో ఒక పెద్దాయన, చేతిలో కూరగాయల సంచి ఉంది, మిగిలిన నాలుగు టికెట్లూ మనమే కొందామన్నారు. కొన్నాం. విరామం తరువాత ఏసీ ఆపేశారు. తలుపులు తెరిచి పెడితే బయటి వెలుతురు తెర మీద పడుతోంది, మూసేస్తే ఉక్క. అలాగే చివరిదాకా చూశాం. సోమవారం అటువైపు వెళితే ఆ పోస్టరు మీద వేరే పోస్టరు అతికించి ఉంది. ఆ సినిమా బాగోలేక పోలేదు. దాన్ని ఉండనివ్వలేదు. ఆనాటి కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు.

ప్రశ్న: ‘కేరాఫ్ కంచరపాలెం’ను స్వతంత్ర చిత్రం అంటున్నారు. పెద్ద నిర్మాణ సంస్థ విడుదల చేసిన సినిమాను అలా ఎలా అంటారు? అసలు ఈ మాటకు అర్థం ఏమిటి? తెలుగులో ఇది కొత్తగా వచ్చిందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: సినిమా తయారయ్యేటప్పుడు నిర్ణయాలు ఎవరివన్నదే నాకు కొలత. కంచరపాలెం నిర్మాత పరుచూరి ప్రవీణ గారు అమెరికాలో స్థిరపడిన వైద్యురాలు. నటీనటులు కొత్తవారని, ప్రధాన జంట నడివయసువారని తెలిసి కూడా డబ్బు పెట్టారు. సలీమా పాత్ర కూడా ఆమే పోషించారు. ఈ పాత్రకు పేరున్న వారిని పెట్టమనో, ఇక్కడొక పాట ఇరికించమనో చెప్పగల మూడో మనిషి అప్పుడు ఆ గదిలో లేరు. పెద్ద సంస్థ ఆ తరువాత వచ్చింది. అప్పటికే సినిమా న్యూయార్క్ భారతీయ చలనచిత్రోత్సవానికి ఎంపికై ఉంది. పండిన పంటను సంతకు చేర్చడానికి ఎవరి బండి ఎక్కించినా, విత్తనం ఎవరు వేశారో మారదు కదా.

కొత్తది మాత్రం కాదు, మీ హనుమకొండ వైపు నుంచి అడిగారు కాబట్టి మరీ గట్టిగా చెప్పాలి. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని తెరకెక్కించిన ‘మా భూమి’కి మూలం కృషన్ చందర్ ఉర్దూ నవల. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాల్ నుంచి వచ్చారు, కథాచిత్రంగా అది ఆయనకు మొదటిది. దాని వెనుక ఉన్న బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ సినిమా వ్యాపారంలో పండినవారు కారు. అందులో గద్దర్ స్వయంగా కనిపించి బండి యాదగిరి పాట పాడారు. 1980లో జనంలోకి వచ్చిన ఆ సినిమా హైదరాబాదులో ఉదయం ఆటగా చాలాకాలం ఆడింది. ఉదయం ఆట అన్న మాటను గమనించండి. హాలు ఖాళీగా ఉండే వేళ చిన్న సినిమాకు దొరికింది, జనం ఆ వేళకే వచ్చి దానిని నిలబెట్టారు. ఇవాళ ఆ వేళలో కూడా పెద్ద సినిమాలే ఉంటున్నాయి.

అంతకుముందు 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కథను తీసుకొని ‘ఒక ఊరి కథ’ తెలుగులో తీశారు. 1988లో నర్సింగరావు తానే దర్శకుడిగా ‘దాసి’ తీశారు. దొరసానికి అరణంగా, అంటే పుట్టింటి కానుకగా, గడీకి (దొర కోటలాంటి ఇంటికి) వచ్చిన ఆడబాప, అంటే దాసి, కథ అది. దానికి అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. కళాదర్శకుడు తోట వైకుంఠం, మన చిత్రకారుడే. ఆయన బొమ్మల్లో కనిపించే తెలంగాణ స్త్రీల రంగులు తెలిసినవారు ఆ గడీ గోడల దగ్గర కాసేపు ఆగిపోతారు. 2004 నాటి ‘గ్రహణం’ చలం కథ ‘దోషగుణం’ ఆధారంగా మోహనకృష్ణ ఇంద్రగంటి తీసిన మొదటి చిత్రం. రజనేశ్ దోమలపల్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో తన చదువులో భాగంగా తీసిన ‘వనజ’కు 2007లో బెర్లిన్ ఉత్సవంలో తొలి చిత్రాల పురస్కారం వచ్చింది. అందులో కూచిపూడి నేర్చుకోవాలని తపించే పేదింటి అమ్మాయిగా నటించిన భూక్యా మమతకు అంతకుముందు నటనతో పరిచయం లేదు. ప్రేక్షకుల నుంచి చందాలు పోగుచేసి తీసిన ‘మను’ కూడా మన భాషదే. వీటిని వేర్వేరు మనుషులు వేర్వేరు కారణాలతో తీశారు, వీటి మధ్య ఉద్యమం అనదగిన దారం ఏదీ లేదు. దారం లేకపోవడమే మన లోటు. ప్రతి తరమూ మొదటి నుంచి మొదలుపెడుతోంది. కేరళలో ఊరూరా మంచి సినిమాలు తెచ్చి చూపించిన ఫిలిం సొసైటీలు ఆ దారాన్ని పట్టుకున్నాయి, ఇక్కడ అంత బలంగా అవి నిలవలేదు.

ప్రశ్న: నిజం చెప్పాలంటే ఇలాంటి సినిమాలు చూస్తే నాకు నిద్ర వస్తుంది. చిన్న సినిమా అయితే చాలు, మంచిదని పొగడడం మొహమాటం కాదా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: మొహమాటంతో పొగిడేవారు ఉన్నారు, అది ఆ సినిమాలకే చేటు. ఒకసారి పొగడ్త విని వెళ్లి విసిగిపోయినవాడు ఆ తరువాత నిజంగా మంచిది వచ్చినా వెళ్లడు. తక్కువ ఖర్చుతో తీసిన సినిమాల్లో ఎక్కువ భాగం పెద్ద సినిమా కాకూడదా అని ఆశపడేవే. అదే పోరాటం, హీరోకు అదే స్లో మోషన్ నడక, కాకపోతే పొగ కొంచెం తక్కువ. ఇంకొన్ని సినిమాలు నెమ్మదిగా సాగడమే లోతు అనుకుంటాయి. ఒక మనిషి కిటికీలోంచి చూస్తుంటే మనం అతనిని చూస్తూ కూర్చోవాలి, ఆ చూపు వెనుక ఏముందో దర్శకుడికే తెలియదు. అలాంటి చోట నిద్ర వస్తే తప్పు మీది కాదు.

నా వరకు పరీక్ష ఒక్కటే. సినిమాలో అతి చిన్న పాత్రను ఒకదాన్ని ఎంచుకొని, కెమెరా ముందు లేనప్పుడు ఆ మనిషి ఏం చేస్తూ ఉంటాడో ఊహించడానికి ప్రయత్నిస్తాను. కంచరపాలెంలో వ్యాయామశాల మనుషులను, కార్యాలయంలో రాజు తోటి ఉద్యోగులను అలా ఊహించగలను. చాలా సినిమాల్లో, పెద్దవైనా చిన్నవైనా, ఊహించలేను. ఆ మనుషులు కెమెరా తిరగగానే మాయమైపోతారు.

మీరు ‘దాసి’తో మొదలుపెట్టవద్దు. 2021లో వచ్చిన ‘సినిమా బండి’ చూడండి. ఆటో తోలే వీరబాబుకు తన ఆటోలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. పెళ్లిళ్ల ఫోటోలు తీసే గణను వెంటబెట్టుకొని, మంగలిని హీరోగా, కూరగాయలమ్మే అమ్మాయిని హీరోయిన్‌గా పెట్టి ఊరంతా కలిసి సినిమా తీయడానికి పూనుకుంటారు. అది మిమ్మల్ని నిద్రపోనివ్వదు. నవ్వు ఆపుకోలేక పక్క గదివాళ్లను పిలుస్తారు. తరువాత 2019 నాటి ‘మల్లేశం’. చీర నేసేందుకు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం జీవితం అది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ చేయి వేలసార్లు అటూ ఇటూ తిరగడాన్ని చూస్తుంటే మన భుజం కూడా లాగుతుంది. ఈ రెండూ నచ్చితే కంచరపాలెం, ఆ తరువాతే ‘దాసి’. అందులో మాటలు చాలా తక్కువ, గడీలో పనివాళ్ల అడుగుల చప్పుడే ఎక్కువ. కాబట్టి ఫోను పక్క గదిలో పెట్టి, ఒక్కరే కూర్చొని చూడండి. అప్పటికీ నిద్ర వస్తే నిస్సంకోచంగా నాకు మళ్లీ రాయండి, ఏ సన్నివేశం దగ్గర వచ్చిందో కూడా రాయండి.